మావ చూసిన కిటికీలు

మొన్న మా అమ్మ అడ్రసు మార్పించడానికి టెక్కలిలో ఆధార్ సెంటరుకి వెళ్లాను. నా ముందున్నావిడ వేలు పెడుతుంటే మిషను ఎర్ర లైటు వేస్తోంది. తుడుచుకుని పెట్టమన్నాడు కౌంటర్లో ఆయన. ఆవిడ కొంగుతో తుడుచుకుని పెట్టింది. మళ్లీ ఎరుపే. పది వేళ్లూ అయిపోయాక ఆవిడే విసుగు లేకుండా చెప్పింది: "జీడి పిక్కల్లో పన్జేత్తాను బాబూ. గీతలుండవు. కంటితో తీసీయండి."

మావ వేళ్లకీ గీతలుండేవి కావు. పిక్క తొక్కలోని నూనె ఏళ్ల తరబడి తగిలి చర్మం నున్నగా, నల్లగా అయిపోయింది. పలాసలో ఆయన పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు మిషను ఆయన్ని ఏ రోజూ గుర్తుపట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఆ గేట్లోంచి వచ్చిపోతున్న మనిషిని రోజూ పొద్దున్నే "మళ్లీ ప్రయత్నించండి" అనేది. ఆయన దానికి చిన్నగా దణ్ణం పెట్టి లోపలికి వెళ్లిపోయేవాడు. వాచ్‌మన్ పుస్తకంలో రాసుకునేవాడు.

ఆయన పేరు ఆ పుస్తకంలో నేనూ చూశాను. కానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా వినలేదు. పిక్కలు చీల్చే కోత హాల్లో నలభై మంది ఆడవాళ్లకీ ఆయన మావే. లారీ డ్రైవర్లకీ మావే. షావుకారు ఒక్కడే మేస్త్రీ అనేవాడు. రెండో వారానికి నాకూ మావ అయ్యాడు. పోయినేడాది వేసవిలో, మధ్యాహ్నం అన్నం తిని తోటలో నులక మంచం మీద పడుకున్నవాడు మరి లేవలేదని ఫోన్లో చెప్పారు. బాధ కలిగింది, కానీ ఏడుపు రాలేదు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టే ఉంటుంది.

నా పని గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే మావ అర్థం కాడు. ఒక సంస్థలో పని ఎక్కడ మొదలై, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లి, ఎక్కడ ముగుస్తుందో కంప్యూటర్లో బొమ్మగా గీయడం నా ఉద్యోగం. దానికొక సాఫ్ట్‌వేర్ ఉంది. తెరిస్తే తెర ఐదారు భాగాలుగా కనిపిస్తుంది. ఒక్కో భాగాన్నీ విండో అంటాం. మధ్యలో పెద్ద తెల్లటి విండో, బొమ్మ గీసేది అక్కడ. దానికి ఎడమ పక్క సన్నటి పట్టీలో ఆకారాలుంటాయి: మొదలుకి గుండ్రం, పనికి పెట్టె, నిర్ణయానికి డైమండు, వాటిని కలిపే బాణాలు. ఆ పట్టీ పైన, మనం గీసిన బొమ్మలన్నిటి జాబితా. కుడి పక్క విండో వివరాలది. ఏ పెట్టె మీద నొక్కితే దాని పేరు, చేసేదెవరు, ఎంతసేపు పడుతుంది, అన్నీ అక్కడ కనిపిస్తాయి. కింద ఓ మూల చిన్న విండోలో మొత్తం బొమ్మ అగ్గిపెట్టంత సైజులో ఉంటుంది. అన్నిటికన్నా అడుగున తప్పుల విండో. ఎక్కడైనా బాణం తెగినా, వివరం ఖాళీగా వదిలినా అందులో ఒక ఎర్ర వరస పడుతుంది.

నాలుగేళ్ల కిందట పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ షావుకారు మా కంపెనీని పిలిచాడు. ఆయన పప్పు కొనే విదేశీ వాళ్లు, పిక్క వచ్చిన దగ్గర్నుంచి డబ్బా సీలు పడేదాకా ప్రతి మెట్టూ బొమ్మ గీసి, ఎవరు బాధ్యులో రాసి పంపమన్నారట. పంపకపోతే వచ్చే సీజన్ నుంచి కొనరు. మాది టెక్కలి కాబట్టి ఆ పని నాకు పడింది. రోజూ పొద్దున్న బస్సెక్కి పలాస వెళ్లేదాన్ని. ప్యాకింగ్ గది పక్కన ఒక ఏసీ గది ఇచ్చి, గోడకి పెద్ద తెర పెట్టించారు.

మొదటి రోజు షావుకారు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి. మోకాళ్ల పైకి మడిచిన లుంగీ, మెళ్లో తువ్వాలు, దారంతో చెవులకి కట్టుకున్న కళ్లజోడు. బాయిలర్ మేస్త్రీ, ఫ్యాక్టరీలో ఏ పని గురించైనా ఈయన్నే అడగండి అని చెప్పి షావుకారు వెళ్లిపోయాడు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. తన బట్టలకి జీడి నూనె అంటి ఉందని, ఆ మరక కుర్చీకి పడితే మరి పోదని చెప్పాడు. పేపరు పరుస్తానన్నా వద్దన్నాడు. నేనక్కడ పనిచేసిన మూడు నెలల్లో ఆ గదిలో ఆయన కూర్చోవడం నేను చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని తెర ముందు నిలబడేవాడు, పొలం గట్టు మీద నిలబడి నీరు ఎక్కడిదాకా పారిందో చూసేవాడిలాగ. తెరని వేలితో తాకేవాడు కాదు. రెండో రోజు ఒక చీపురు పుల్ల తెచ్చుకున్నాడు. మెళ్లో తువ్వాలు తలకి చుట్టి, దాన్ని అందులో గుచ్చుకునేవాడు. ఏదైనా చూపించాల్సి వస్తే తీసి, తెరకి అంగుళం దూరంలో ఆపేవాడు.

ఇది ఈ విండో, అది ఆ విండో అని నేను చెబుతుంటే విని అడిగాడు:

"విండో అంటే కిటికీ కాదేటి? ఇన్ని కిటికీలెందుకమ్మీ, ఒకటుంటే సాలదా?"

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. ఒకే కిటికీలోంచి చూస్తే అన్నీ కలిసిపోయి ఏదీ కనబడదని, ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి చూడాలని ఏదో చెప్పాను. అయితే ఒక్కోటీ చూపించమన్నాడు. చూపించాను. వేరే ఫ్యాక్టరీల్లో మేనేజర్లు మధ్య విండో తప్ప ఏదీ చూడరు. పెట్టెలు వరసగా ఉన్నాయా, రంగులు బాగున్నాయా అంతే. మావకి మధ్య విండో మీద పెద్ద గురి లేదు. కుడి పక్కదే కావాలి. ప్రతి పెట్టె మీదా నొక్కించి, కుడి పక్క పడ్డది పైకి చదివేవాడు. నేను పేర్లన్నీ తెలుగులోనే రాశాను కాబట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. "ఉడ-క-బె-ట్ట-డం." చదివాక తల ఊపి, తర్వాత పెట్టె చూపించేవాడు. పైన పేరు బాగానే ఉంటుందట, అసలు సంగతంతా లోపలుంటుందట. అలా ఒక్క రోజుకి నాలుగైదు పెట్టెలే అయ్యేవి. మొదట్లో నాకు చిరాకేసింది. వారం తిరిగేసరికి ఆ నెమ్మదికి అలవాటు పడిపోయాను.

ఎంతసేపు అనే గడి దగ్గరే మాకు పేచీ వచ్చేది. అందులో అంకె తప్ప ఇంకేదీ రాయనివ్వదు. ఆవిరి ఎంతసేపు పట్టాలి మావా అంటే, వాసన మారేదాకా అనేవాడు. ఎన్ని నిమిషాలు అంటే, ఏ పిక్క అని ఎదురడిగేవాడు. ఇక్కడి ఉద్దానం పిక్క అయితే ఒకలాగ, ఓడలో వచ్చిన ఆఫ్రికా పిక్క అయితే ఇంకోలాగ, నిరుటి పిక్క అయితే మరోలాగ. నేను నిమిషాలే కావాలని పట్టుబడితే, స్టేషన్లో ఫలానా పాసింజరు కూసిన దగ్గర్నుంచి గూడ్సు వెళ్లేదాకా అని చెప్పేవాడు. ఆ రెండిటి మధ్యా ఎంతసేపో నేను ఫోన్లో చూసి రాసేదాన్ని. బండి ఆలస్యమైతే ఎలాగ అంటే, ఆలస్యమైతే తనకి తెలుస్తుందట, కూత వేరుగా ఉంటుందట. అది నిజమో, నన్ను ఆట పట్టించడమో నాకు ఇప్పటికీ తెలియదు.

బొమ్మ సగం అయ్యాక ఒక రోజు మూలనున్న చిన్న విండోలో మొత్తం చూసి, ఏదో వెతుకుతున్నట్టు పుల్ల అటూ ఇటూ తిప్పాడు. ఏం కావాలి మావా అన్నాను.

"ఈళ్లు అన్నాలెప్పుడు తింతారు?"

ఎనిమిదింటికి వచ్చిన ఆడవాళ్లు నా బొమ్మలో సాయంత్రం దాకా కోస్తూనే ఉన్నారు. బాణం ఎక్కడా ఆగలేదు. అన్నం పెట్టె పెట్టించాడు. దానికి ముందు చేతులు కడుక్కునే పెట్టె, తర్వాత మళ్లీ వేళ్లకి నూనె రాసుకునే పెట్టె. నూనె రాసుకోకపోతే చేతులు బొబ్బలెక్కుతాయి. ఇవన్నీ విదేశీ వాళ్లకి అక్కర్లేదేమో అన్నాను. అక్కర్లేకపోతే వాళ్లే కొట్టేసుకుంటారన్నాడు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కొనేవాళ్లకి మా బొమ్మలో అన్నిటికన్నా నచ్చినవి ఆ మూడు పెట్టెలే.

మధ్యాహ్నాలు అన్నం తింటూ ఆయన తోట కబుర్లు చెప్పేవాడు. తుపానుకి ఆయన కొబ్బరి చెట్లన్నీ ఒక్క రోజులో పడిపోయాయి. ఆ వయసులో మళ్లీ మొక్కలు నాటాడు. అవి కాపుకొచ్చేసరికి ఎన్నేళ్లవుతుంది మావా అని అడిగి, ఆ ప్రశ్న ఎందుకడిగానా అనుకున్నాను. ఆయన వేళ్లు మడిచి లెక్కచూసి ఒక అంకె చెప్పి, చారు పోసుకున్నాడు. మనిషి అలా ఉండేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

బొమ్మ దాదాపు అయిపోయిన రోజుల్లోనే ఒక లాటు వెనక్కి వచ్చింది. వంద పైచిలుకు డబ్బాలు. తెరిచి చూస్తే పప్పు మెత్తబడింది, ముక్కిన వాసన. షావుకారు మొహం నల్లబడిపోయింది. పప్పు మెత్తబడిందంటే తడి ఆరలేదన్న మాట. తడి ఆరబెట్టేది బోర్మాలో, అంటే ట్రేలు పెట్టే పెద్ద వేడి పొయ్యిలో. బోర్మా చూసేది దమయంతి. నలభై ఏళ్ల మనిషి. భర్తకి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. అతన్ని తీసుకెళ్లిన రోజుల్లో తొందరగా వెళ్లిపోవాలని ట్రేలు ముందే తీసేసి ఉంటుందని షావుకారు అనుకున్నాడు. అనుకోవడమే కాదు, అందరి ముందూ అనేశాడు. తీయలేదని, ఎప్పటిలాగే పూర్తి గంటలు ఉంచానని ఆమె చెప్పింది. ఒకసారే చెప్పింది, రెండోసారి చెప్పలేదు. సోమవారం నుంచి రావద్దన్నాడు షావుకారు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

మావ అప్పుడక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు. నేనూ ఉన్నాను, నేనూ అనలేదు. కానీ నేను బయటిదాన్ని.

ఆ మర్నాడు మావ నా గదికి రాలేదు. ఆ పై రోజూ రాలేదు. బాయిలర్ దగ్గర పని ఎక్కువగా ఉందని కబురు పంపాడు. కిటికీలోంచి చూస్తే బాయిలర్ పక్కన ఊరికే నిలబడి ఉన్నాడు.

నాలుగో రోజు షావుకారు గదిలోకి వచ్చి, ఆ చెడిపోయిన లాటు ఎలా నడిచిందో అదే సాఫ్ట్‌వేర్లో వేరే బొమ్మ గీయమన్నాడు. కొనేవాళ్లు కారణం అడుగుతున్నారు. మేస్త్రీని, కోత, పొట్టు, ప్యాకింగ్ చూసేవాళ్లని పిలిపించాడు. నేను పాత బొమ్మ కాపీ తీసి, ఎంతసేపు అన్న గడులన్నీ ఖాళీ చేశాను. ఒక్కో పెట్టె దగ్గర వాళ్ల పుస్తకాలు చూసి గంటలు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. తప్పుల విండోలో ఎర్ర వరసలు ఒక్కటొక్కటే పోతున్నాయి. బోర్మా పెట్టె వచ్చింది. దమయంతి లేదు కానీ ఆమె పుస్తకం ఉంది. పూర్తి గంటలే రాసి ఉంది. పుస్తకంలో ఏదైనా రాయొచ్చన్నాడు షావుకారు.

చివరికి ఒకే ఎర్ర వరస మిగిలింది. ఆరబోత. ఆవిరి పట్టిన పిక్కల్ని గచ్చు మీద పరిచి చల్లార్చడం. ఒక రోజు పూర్తిగా చల్లారాకే కోతకి ఇవ్వాలి. ఆ పనికి పుస్తకం లేదు, అది మావ నోటి లెక్క. షావుకారు గడియారం చూసుకుంటూ, అది ఎప్పుడూ ఉండేదే, ఇరవై నాలుగు గంటలు అని వేసేయమన్నాడు. నేను రెండు నొక్కి, నాలుగు నొక్కబోయాను.

"ఉండమ్మీ. అది రాయకు."

మావ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ రోజు చేతిలో పుల్ల లేదు. ముందుకొచ్చాడు.

"అది రోజు కాదు. సాయంత్రం ఆరుకి దింపినాం. తెల్లారి ఐదుకే కోతకిచ్చీసినాను. పదకొండు గంటలే."

వేడి పూర్తిగా దిగకుండా కోస్తే తడి పప్పులోనే ఉండిపోతుందని, అప్పుడు బోర్మాలో మామూలు గంటలు సరిపోవని అక్కడున్న అందరికీ తెలుసు. నేను పదకొండు రాశాను. ఎర్ర వరస పోయింది.

షావుకారు తెర దగ్గరికొచ్చి ఆ అంకె చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ రోజు లారీ వచ్చి కూర్చుందని, కోత తొందరగా మొదలెట్టమని ఫోన్ చేసింది తనే కదా అన్నాడు. ఆ మాట మావ తనంతట తను ఎత్తలేదు. ఎత్తినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

"మీరు తొందర పెడతారు బాబూ. పెట్టకపోతే యాపారమేటి? ఆపాల్సినోడ్ని నాను."

అలా అని, తనని తీసేస్తే తీసేయమని, ముందు దమయంతికి కబురు పంపమని చెప్పి బయటికి వెళ్లిపోయాడు. షావుకారు ఆయన్ని తీసేయలేదు. కబురూ పంపించాడు. దమయంతి రాలేదు.

రెండు రోజులు చూసి మావ నా గది గుమ్మం దగ్గరకొచ్చి, స్కూటీ ఉందా అని అడిగాడు. లేదు, కానీ ప్యాకింగ్ అమ్మాయి దగ్గర అడిగి తీసుకున్నాను. దమయంతిది నందిగాం అవతల చిన్న ఊరు. మావ వెనక కూర్చున్నాడు, తన బట్టల మరక సీటుకి పడకుండా తువ్వాలు పరుచుకుని. జీడి తోటల మధ్య దారి. ఆ నాలుగు రోజులు ఆయన ఎందుకు నోరెత్తలేదని అడగాలని నాకుంది. అడగలేదు. ఊరు దగ్గరపడుతుండగా తనే చెప్పాడు. డబ్బాలు వెనక్కొచ్చిన రోజే తనకి అనుమానం వచ్చిందట. ముప్పై ఏళ్లలో ఎవరూ తనని ఒక మాట అనలేదట. ఆ ఒక్క మాట పడడానికి నాలుగు రోజులు పట్టిందట.

దమయంతి అరుగు మీద కూర్చుని కొబ్బరి తురుముతోంది. లోపల మంచం మీద భర్త దగ్గు వినిపిస్తోంది. మమ్మల్ని చూసి లేచి, నాకు చాప వేసింది. మావకి వేయలేదు. ఆయన నిలబడే ఉన్నాడు. తప్పు తనదేనని షావుకారుకి చెప్పేశానన్నాడు. తెలుసంది. రమ్మన్నాడు. ఆమె కొబ్బరి చిప్ప తిప్పి తురుముతూనే ఉంది.

"నాను సెప్పినప్పుడు నువ్వక్కడే ఉన్నావు గదా మావా."

"ఉన్నాను."

"మరి?"

"నోరు రాలేదు."

ఆయన ఇంకేమీ చేర్చలేదు. పిల్లల మీద ఒట్టు పెట్టలేదు, చేతులు పట్టుకోలేదు, వయసు చూపించలేదు. ఉన్నదున్నట్టు ఆ రెండు మాటలు చెప్పి నిలబడ్డాడు. దమయంతి తురుము గిన్నెలోకి ఎత్తి, చిప్ప పక్కన పెట్టింది. మూలపేటలో పోర్టు పనివాళ్లకి వంట చేసే చోట తనని పిలిచారని చెప్పింది. అక్కడ చేతులు కాల్చే జీడి ఉండదు. కానీ భర్తని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే అక్కణ్ణుంచి దూరం. అందుకే ఇంకా ఏమీ అనుకోలేదట. ఇక్కడికి రావాలంటే మాత్రం ఒకటుందంది.

"బోర్మా నాకొద్దు. ఆరబోత నా సేతికిప్పించు. నాను సల్లారిందంటేనే కోతకెళ్లాల. నువ్వడిగినా అంతే, సావుకారడిగినా అంతే."

ఆరబోత ముప్పై ఏళ్లుగా మావది. బాయిలర్ కన్నా ఆయన దాన్నే తనదనుకునేవాడు. గచ్చు మీద పిక్కల్లో చెప్పుల్లేకుండా నడుస్తూ, అరికాలితో వేడి చూసేవాడు. నేను ఆయన మొహం వంక చూడలేకపోయాను. ఆయన మాత్రం ఎంతో సేపు తీసుకోలేదు. ఇప్పిస్తానన్నాడు. అప్పుడు దమయంతి లోపలికెళ్లి రెండో చాప తెచ్చింది. టీ ఇచ్చింది. భర్త లేచొచ్చి గోడకి చేరగిలబడి మావతో కొబ్బరి మొక్కల సంగతి మాట్లాడాడు. వాళ్లిద్దరూ ఆ మాటల్లో పడి, మేమెందుకొచ్చామో మర్చిపోయినట్టే ఉన్నారు.

షావుకారుని ఒప్పించడం అంత సులువు కాలేదు. మేస్త్రీ మీద ఇంకొకరి మాట ఏమిటన్నాడు. మావ ఆయన్ని నా గదికి తీసుకొచ్చాడు. ఆరబోత పెట్టె తర్వాత ఒక డైమండు పెట్టమని నాకు చెప్పాడు. లోపల ఏం రాయాలి అంటే, "చల్లారిందా?" అని రాయమన్నాడు. అవునంటే కోతకి బాణం, కాదంటే వెనక్కి ఆరబోతకే బాణం. తర్వాత డైమండు మీద నొక్కించి, కుడి పక్క విండోలో చెప్పేదెవరు అన్న గడి చూపించాడు. నేను దమయంతి అని రాస్తుంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఇలా ఉంటే కొనేవాళ్లకి నమ్మకం కుదురుతుంది, ఉడికించినవాడే చల్లారిందని చెప్పుకుంటే ఎవరు నమ్ముతారని షావుకారుని అడిగాడు. అది నేను చెప్పాల్సిన మాట. డిగ్రీలు చదివి నేను నేర్చుకున్నది అదే. షావుకారు నా వంక చూశాడు. నిజమే అన్నాను. ఆయన ఆ మార్పుకి సంతకం పెట్టాడు. దమయంతి బుధవారం నుంచి వచ్చింది.

ఆ బొమ్మ కొనేవాళ్లకి వెళ్లింది. ఆర్డర్లు ఆగలేదు. నా పని అయిపోయింది. చివరి రోజు చేతికి నూనె రాసుకున్నట్టు రెండు చేతులూ రుద్దుకుంటూ మావ గుమ్మం దాకా వచ్చి, కళ్లు జాగ్రత్త అమ్మీ, అంతసేపు తెరకేసి చూడకు అని చెప్పి వెళ్లాడు.

మళ్లీ వెళ్లింది ఆ మరుసటి సీజన్లో. కొత్త ప్యాకింగ్ మిషను పెట్టారు, బొమ్మలో ఒక పెట్టె మార్చాలి. పొద్దున్నే వెళ్లాను. కోత హాల్లో ఆడవాళ్లు నూనె రాసుకుని, మిషన్ల ముందు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. పని మొదలవలేదు. బయట ఆరబోత గచ్చు పక్కన ఖాళీ గోనెసంచుల గుట్ట మీద మావ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. కొబ్బరి మొక్కలు నడుం ఎత్తు వచ్చాయని చెప్పాడు.

గచ్చు మీద దమయంతి పిక్కల్లో నడుస్తోంది. ఒక మూల వంగి, అడుగునుంచి గుప్పెడు తీసింది. ఒక పిక్క చెంపకి ఆనించుకుంది. ఇంకో మూలకి వెళ్లి అక్కడా అంతే. షావుకారు ఆఫీసులోంచి వచ్చి, మావ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. గేటు బయట లారీ ఉంది.

మావ గొంతు పెంచి, కోతకి ఇచ్చీయొచ్చా అని అడిగాడు. దమయంతి వెనక్కి తిరగకుండానే ఇంకా గంట పడతాదని చెప్పింది. షావుకారు మావ వంక చూశాడు. మావ భుజాలెగరేసి, టీ తాగుదాం రండని లేచాడు.

ముగ్గురం గేటు బయట బడ్డీ దగ్గరికి నడిచాం. షావుకారు ఫోన్ రావడంతో పక్కకెళ్లి మాట్లాడుకుంటున్నాడు. మావ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, లారీ వంక, ఎండ వంక చూసి, నా వైపు వంగాడు.

"నా లెక్కకైతే అరగంట సాలమ్మీ. దమయంతికి సెప్పకు."

ఆ మాట అనేసి టీ ఊదుకుంటూ తాగాడు. అయిపోయాక బడ్డీ వాడికి గ్లాసిచ్చి, గంట ఉంది కదా, ఇంకోటి పొయ్యమన్నాడు.